రామగుండం కరెంటు 400 కేవీలో ఎందుకు?

ప్రశ్న: మా చేను మీదుగా రామగుండం–హైదరాబాద్ 400 కేవీ (4 లక్షల వోల్టుల) లైను పోతుంది. వాన పడితే తీగలు బుస్సుమంటాయి. ఇంట్లో వాడేది 230 వోల్టులే కదా, అంతెందుకు పెంచడం?

జవాబు (రిటైర్డ్ లైన్‌మన్): తమ్ముడూ, తీగ వేడెక్కేది ఆంపియర్లతో, అంటే తీగలో పారే కరెంటుతో, అదీ వర్గం లెక్కన: ఆంపియర్లు రెండింతలైతే వేడి నాలుగింతలు. జనరేటర్ దగ్గర సుమారు 20 కేవీ ఉంటుంది. 400కి పెంచితే అదే పవర్‌కి ఆంపియర్లు 20వ వంతు, అదే తీగలో నష్టం 400వ వంతు. బుస్సుమనేది కరోనా. ఆ జబ్బు కాదులే! తీగ చుట్టూ గాలి అయనీకరణ చెందడం, అంటే గాలి కణాలకి విద్యుదావేశం రావడం.

ప్రశ్న: ట్రాన్స్‌ఫార్మర్‌కి దూరంగా ఉన్న మా బోరు మోటారు మూలుగుతుందన్నా. అదీ ఇదేనా?

జవాబు: కరోనా కాదు, ఆంపియర్ల లెక్కే. తక్కువ వోల్టేజీలో ఎక్కువ ఆంపియర్లు దూరం పోతే తీగలోనే వోల్టేజీ పడిపోతుంది, మోటారుకి చాలదు. అందుకే 11 కేవీని బోర్ల దాకా లాగి చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు పెడతారు. హెచ్‌వీడీఎస్ (హై వోల్టేజ్ డిస్ట్రిబ్యూషన్ సిస్టమ్) అంటే అదే.