20,000 పవర్ బ్యాంకు మూడుసార్లే ఫోను నింపుతోంది, దుకాణంలో తిరిగి ఇచ్చేయాలా?

తిరుచానూరు రోడ్డు, తిరుపతి:

నమస్కారం. వచ్చే వారం మదనపల్లె నుంచి మా అత్తగారు, మామగారు వస్తున్నారు. అందరం అలిపిరి మెట్ల దారిలో కొండకు నడిచి వెళ్లి, తర్వాత వెంకటాద్రి రైల్లో హైదరాబాదు బయలుదేరతాం. ఇంట్లో రెండు పవర్ బ్యాంకులు ఉన్నాయి. ఒకటి దుకాణంలో బిల్లుతో కొన్నది, 20,000 ఎంఏహెచ్ (మిల్లీ ఆంపియర్ అవర్లు). ఇటుకలా బరువు. నా ఫోను బ్యాటరీ 5,000, కానీ అది మూడుసార్లు నింపేసరికి చేతులెత్తేస్తోంది. రెండోది మా మరిది చెన్నైలో బండి మీద కొని తెచ్చాడు. దాని మీద 50,000 అని ఉంది, జేబులో పట్టేంత పలుచన. ఇంకా వాడలేదు. మొదటిది తిరిగి ఇచ్చేసి, ప్రయాణానికి రెండోది తీసుకెళ్దామని మావారు అంటున్నారు. ఇంకో సంగతి, మా అబ్బాయి టాబ్లెట్‌ను ఫోనుతో కలిపి మొదటిదానికి పెడితే గంట గడిచినా పది శాతం ఎక్కడం లేదు. రైల్లో రాత్రంతా పెట్టి ఉంచవచ్చా?

బైరాగిపట్టెడ:

20,000ను 5,000తో భాగిస్తే నాలుగు. మూడే వస్తున్నాయంటే మోసమే కదండీ. బిల్లు ఉంది కాబట్టి ఆలస్యం చేయకుండా ఇచ్చేయండి.

కట్టమంచి, చిత్తూరు:

అమ్మా, ఇచ్చేయకండి. ఫోన్లు బాగుచేసే దుకాణం నాది, రోజూ ఇవి విప్పుతూనే ఉంటాను. మీరు అనుమానించినదానిలో లోపం లేదు. నా అనుమానమంతా మీ మరిది తెచ్చినదాని మీదే.

బైరాగిపట్టెడ సోదరుడు భాగహారం బాగానే చేశారు, తీసుకున్న అంకెలే కుదరవు. పవర్ బ్యాంకు లోపలి సెల్స్ 3.7 వోల్టులవి. డబ్బా మీది 20,000 ఆ వోల్టేజి దగ్గర లెక్క. ఫోనుకు ఇచ్చేటప్పుడు దాన్ని 5 వోల్టులకో 9 వోల్టులకో పెంచాలి. వోల్టులు పెరిగితే ఆ మేరకు ఆంపియర్లు తగ్గుతాయి, పైగా కొంత వేడిగా పోతుంది. అందుకే నేను ఎంఏహెచ్‌ను పట్టించుకోను, వాట్ అవర్, అంటే లోపల నిలవ ఉన్న మొత్తం శక్తి ఎంతో చూస్తాను. 20,000ను 3.7తో గుణించి వెయ్యితో భాగిస్తే 74. అందులో ఐదో వంతు దారిలో పోయిందనుకున్నా 60కి కాస్త అటూఇటూ చేతికొస్తుంది. మీ ఫోను నిండడానికి 19 దాకా కావాలి. మూడుసార్లు నింపిందంటే అది చేయాల్సిన పని చేసినట్టే. వెనక సన్నటి అక్షరాల్లో రేటెడ్ కెపాసిటీ అని ఉంటుంది, చూడండి. అసలు అంకె అదే. పెద్ద అక్షరాల్లో వేసేది అమ్ముకోవడానికి.

ఇక 50,000 సంగతి. ఇదే లెక్కన అది 185 వాట్ అవర్లు కావాలి. అంత దాచుకోవాలంటే ఒట్టి సెల్స్ బరువే ముప్పావు కిలో దాకా తూగుతుంది. జేబులో పట్టేంత పలుచన అన్నారు. దగ్గర్లో ఏ కిరాణా కొట్టు కాటా మీదైనా పెట్టి చూడండి. తర్వాత వెనక బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, దానితో పాటు ఆర్ అక్షరంతో మొదలయ్యే సంఖ్య ఉందో లేదో చూడండి. మన దేశంలో పవర్ బ్యాంకులకు ఆ నమోదు తప్పనిసరి. ఆ సంఖ్యను బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే తయారుచేసింది ఎవరో తెలుస్తుంది. వచ్చిన పేరు డబ్బా మీది పేరుతో కలవకపోతే ఆ గుర్తును నమ్మనక్కరలేదు.

బరువు ఉన్నదల్లా మంచిదని కూడా అనుకోకండి. పోయిన వేసవిలో ఒకటి నా బల్ల మీదికి వచ్చింది. మూత ఊడదీస్తే వరసగా నాలుగు సెల్స్, తీగలు అతికించింది మాత్రం రెండింటికే. మిగతా రెండింటినీ చెవి దగ్గర పెట్టి ఊపితే గరగరమన్నాయి. కోసి చూస్తే ఇసుక. చేతికి బరువు తగిలితే కొనేవాడు నమ్ముతాడని! మీ మరిదికి అంటగట్టినవాడు ఆ ఇసుక ఖర్చు కూడా మిగుల్చుకున్నట్టున్నాడు.

టాబ్లెట్ విషయం. చాలా పవర్ బ్యాంకులు ఒకటే తగిలిస్తే 18 వాట్లో 20 వాట్లో ఇస్తాయి. రెండోది తగిలించగానే 5 వోల్టులకు పడిపోయి, ఉన్నదాన్నే ఇద్దరికీ పంచుతాయి. అందులో తెర వెలుగుతూ అబ్బాయి ఆడుతుంటే వచ్చింది వచ్చినట్టే ఖర్చయిపోతుంది. ముందు టాబ్లెట్ ఒక్కదాన్నే, రెండు వైపులా టైప్-సి ఉన్న కేబుల్‌తో, తెర ఆపి పెట్టండి. ఎక్కువ వాట్ల పవర్ బ్యాంకు వాడితే ఫోను పాడవుతుందని మా దగ్గరికి వచ్చేవారు భయపడుతుంటారు. అక్కర్లేదు, ఫోను తనకు కావలసినంతే తీసుకుంటుంది.

భయపడాల్సింది వేడికి. లిథియం అయాన్ సెల్స్‌ను 45 డిగ్రీలు దాటిన వేడిలో చార్జ్ చేయకూడదు. మన ఊళ్లలో మే నెల మధ్యాహ్నం నీడలోనే 40 దాటుతుంది, ఎండలో అద్దాలు మూసి నిలిపిన కారులో 60 కూడా దాటవచ్చు. కాబట్టి కారులో వదిలి కొండెక్కకండి. అలిపిరిలో సంచులు తీసుకుని పైకి చేర్చే ఉచిత సదుపాయం ఉంది కదా, ఆ సంచిలోనూ వేయకండి. సంచుల కింద పడి ఎంత నలుగుతుందో తెలియదు. చేతిసంచిలో ఉంచుకుని, పైన దర్శనం వరసలోకి వెళ్లే ముందు ఫోన్లతో పాటు డిపాజిట్ చేయండి, గుడిలోకి ఎలాగూ అనుమతించరు.

రైల్లో రాత్రి 11 నుంచి ఉదయం 5 వరకు చార్జింగ్ పాయింట్లు ఆపేస్తారు కాబట్టి పవర్ బ్యాంకు అవసరం పడుతుంది, నిజమే. పడుకోబోయే ముందు, మీరు మెలకువగా ఉండగానే నింపుకోండి. దిండు కింద, దుప్పటి మడతలో వద్దు, గాలి ఆడదు. గోరువెచ్చగా ఉంటే పర్వాలేదు. చేత్తో పట్టుకోలేనంత కాలితే తీసేయండి.

తిరుచానూరు రోడ్డు, తిరుపతి:

ఎంత వివరంగా చెప్పారు అన్నా, ధన్యవాదాలు. వీధి చివర కొట్టులో తూయించాను. 20,000ది నాలుగు వందల గ్రాములకు పైనే, 50,000ది నూట యాభై కూడా లేదు. వెనక ఏ గుర్తూ లేదు, తయారీ చిరునామా కూడా లేదు. ఇంకొకటి గమనించాను. గాజు బల్ల మీద పెడితే సమంగా కూర్చోవడం లేదు, మూల మీద వేలు పెడితే ఊగుతోంది. మావారు ఇప్పుడు మాట మార్చారు, అది కొత్తదే కాబట్టి ఇంట్లో వాడుకోవచ్చట. హైదరాబాదు నుంచి తిరుగు ప్రయాణం విమానంలో, రేణిగుంటలో దిగుతాం. అందులో ఏమైనా ఇబ్బంది ఉంటుందా?

కరకంబాడి రోడ్డు:

విమానం సంగతి నేను చెబుతాను, తరచూ తిరుగుతుంటాను. పవర్ బ్యాంకును చెక్-ఇన్ సామానులో పెట్టకూడదు, చేతి సంచిలోనే ఉండాలి. 100 వాట్ అవర్ల దాకా అనుమతి అక్కర్లేదు, మీది 74 కాబట్టి చింత లేదు. 100 నుంచి 160 వరకు విమాన సంస్థను అడగాలి, ఆపైన ఒప్పుకోరు. అంకెలు చెరిగిపోయి ఉంటే తనిఖీలో పక్కన పెట్టేస్తారు. 2025 జనవరిలో దక్షిణ కొరియాలోని బుసాన్‌లో ఒక విమానం నేల మీద ఉండగానే కాలిపోయాక పట్టు బిగించారు. పైన సామాను అరలో పెట్టకుండా మీ దగ్గరే ఉంచుకోండి, విమానంలో దాంతో ఫోను చార్జ్ చేయవద్దు.

కట్టమంచి, చిత్తూరు:

అమ్మా, ఊగుతోందంటే లోపలి సెల్ ఉబ్బింది. కొత్తదా పాతదా అన్న ప్రశ్నే లేదు, దానికి ఇక ఏ తీగా తగిలించకండి. నొక్కి సమం చేయాలని చూడకండి, సూది గుచ్చితే గాలి పోతుందని ఎవరైనా చెబితే అసలు వినకండి. మంచాలకు, పరదాలకు దూరంగా సిమెంటు నేల మీద, ఎండ తగలని చోట పెట్టండి. వంటింట్లో వద్దు. పొగ మొదలైతే పిల్లల్ని బయటికి పంపి, ఆ పొగ పీల్చకుండా దూరం నుంచే నీళ్లు గుమ్మరించండి. చెత్త బండిలో మామూలు చెత్తతో కలపవద్దు, బండిలో నలిగితే అక్కడే అంటుకుంటుంది. ఎలక్ట్రానిక్ వ్యర్థాలు తీసుకునేవారికి విడిగా, ఉబ్బిందని చెప్పి ఇవ్వండి. చిత్తూరు వైపు వచ్చే పని ఉంటే ముందే చెప్పండి, మా దుకాణంలో అలాంటివాటికి ఇసుక పోసిన ఇనుప డబ్బా ఉంది, నేనే తీసుకుంటాను.