డిజైన్ పోటీ: నలుగురి సృజనా, వెట్టి చాకిరీనా?

కుంచె:
మా సంస్థకి కొత్త లోగో కావాలి. డిజైనర్‌ని పెట్టుకోకుండా ఆన్‌లైన్‌లో పోటీ పెడదామని పైవాళ్ల పట్టుదల. వందమంది గీసి పంపుతారు, నచ్చినదానికి డబ్బు, మిగతా తొంభై తొమ్మిదిమందికీ ఒక నమస్కారం. దీన్ని సృజనకి ఊతం అంటారా, వెట్టి అంటారా? నాకైతే రెండోదే అనిపిస్తోంది.

నీలిగీత:
పోటీని అంత తేలిగ్గా తీసిపారెయ్యకండి కుంచె గారూ. సిడ్నీ ఒపేరా హౌస్ పోటీలోంచే వచ్చింది. 233 నమూనాలు వచ్చాయి. 1957లో గెలిచిన ఆర్కిటెక్ట్ యోర్న్ ఉట్సన్ పేరు అప్పటికి డెన్మార్క్ బయట పెద్దగా ఎవరికీ తెలీదు. తెలిసినవాళ్లనే పిలిచి పనిస్తే ఆయన దాకా ఎవరు వెళ్తారు?

అచ్చుయంత్రం:
మరి ఆ 232 మంది? నా గొడవ డబ్బొక్కటే కాదు. పోటీలో ఎవరి గీత వాళ్లు దాచుకుంటారు, ఒకరి ఆలోచనని ఇంకొకరు అందుకునే వీలే ఉండదు. అంతమందిని పోగేసి ఎవరి గదిలో వాళ్లని తాళం వేసినట్టు.

3డి ప్రింటర్లతో కృత్రిమ చేతులు చేసిచ్చే స్వచ్ఛంద బృందం ఈ-నేబుల్ సంగతి చూడండి. దక్షిణాఫ్రికాలో రిచర్డ్ వాన్ ఆస్ అనే వడ్రంగికి రంపం తగిలి వేళ్లు పోయాయి. అమెరికాలో ఐవన్ ఓవెన్ వేషం కోసం చేసుకున్న పెద్ద మెకానికల్ చెయ్యి వీడియో చూసి ఆయనకి రాశాడు. ఇద్దరూ చాలావరకు దూరాన్నుంచే కలిసి పనిచేసి ఒక చిన్న పిల్లాడికి కృత్రిమ చెయ్యి తయారుచేశారు. 2013లో ఆ డిజైన్ ఫైళ్లని పేటెంట్ లేకుండా అందరికీ వదిలేశారు. ఆ తర్వాత 3డి ప్రింటర్ ఉన్నవాళ్లు ఎక్కడెక్కడి నుంచో కొలతలు మార్చారు, మణికట్టు లేనివాళ్ల కోసం మోచేత్తో ఆడే రకం చేశారు. నెట్‌వర్క్ అంటే నా దృష్టిలో అదీ.

తోకచుక్క:
అన్నా, చెయ్యి పట్టు దొరుకుతోందో లేదో పెట్టుకున్నవాళ్లకి తెలిసిపోతుంది. లోగోకి ఆ పరీక్ష ఏది? ఫైల్ తెరిచి పెడితే తలా ఒక రంగు పూస్తారు. ఓట్లు పెడితే ఇంకో తంటా, ఫాలోవర్లు ఎక్కువున్నవాళ్లదే గెలుపు. జనం తమ బొమ్మల నమూనాలు పంపే లెగో కంపెనీ వేదిక లెగో ఐడియాస్‌లో 10,000 మంది మద్దతు వచ్చినా కంపెనీ సమీక్ష దాటాల్సిందే. దాటి అమ్మకానికి వస్తే నికర అమ్మకాల్లో 1 శాతం ఆ ఆలోచన ఇచ్చినవాళ్లది. శాతం చిన్నదే, కానీ ముందే రాసి ఉంది. నాకు నచ్చింది అదొక్కటే.

నీలిగీత:
టోక్యో ఒలింపిక్స్ చిహ్నమూ అంతే కదా. మొదటిది కాపీ అన్న గొడవ లేచి 2015లో వెనక్కి తీసుకున్నారు. అందరినీ పిలిస్తే 14,599 వచ్చాయి. నాలుగు మిగిల్చి జనాన్ని అడిగారు, చివరి మాట మాత్రం కమిటీదే.

అచ్చుయంత్రం:
అంటే పద్నాలుగు వేల పైచిలుకు గీతలు బుట్టలోకి. మీరు నా వాదనే బలపరుస్తున్నారు!

కుంచె:
సరే, మావాళ్లని ఇలా అడిగి చూస్తా. పాత పనులు చూసి ఐదుగురిని ఎంచుకోవడం, చిత్తు గీతలకి ఐదుగురికీ డబ్బివ్వడం, వాటిని అందరికీ కనబడేలా పెట్టి వ్యాఖ్యలు తీసుకోవడం. ఒప్పుకుంటారంటారా?

తోకచుక్క:
ఒప్పుకుంటే ఆ వ్యాఖ్యల్ని ఎవరు వడగడతారో కూడా ఇప్పుడే రాయించండి. ఎంపిక కాని నాలుగు గీతల హక్కులు ఎవరివో అది కూడా.