1,418 రోజులు దాటాయి: రష్యావి ఎదురుదెబ్బలా, నెమ్మది గెలుపా?

గోదారిగట్టు:

2026 జనవరి 12కి ఉక్రెయిన్ యుద్ధం మొదలై 1,418 రోజులు నిండాయి. 1941 జూన్ 22న హిట్లర్ సోవియట్ మీదికి వచ్చిన రోజు నుంచి 1945 మే 9 దాకా కూడా సరిగ్గా అన్ని రోజులే. అప్పుడు ఎర్రసైన్యం మాస్కో వాకిట్లోంచి బెర్లిన్ దాకా వెళ్లింది. ఇప్పటి సైన్యం అన్ని రోజుల్లోనూ ఒక్క డోనెత్స్క్ ప్రాంతాన్నే పూర్తిగా పట్టలేకపోయింది. అక్కడి క్రమతోర్స్క్, స్లోవ్యాన్స్క్ ఊళ్లు ఇంకా ఉక్రెయిన్ చేతిలోనే ఉన్నాయి.

పండక్కి ఇంటికెళ్తే భోజనాల దగ్గర మా మావయ్యతో దీని మీదే పేచీ. "దేశంలో అయిదో వంతు వాడి గుప్పెట్లో ఉంటే ఎదురుదెబ్బ ఏంట్రా, గెలుపది" అంటాడు. కీవ్ దగ్గర 2022 మార్చిలో తగిలిన దెబ్బ నుంచి రష్యా ఇప్పటికీ లేవలేదని నా వాదన. ఆ తర్వాత చేసిందంతా ఆ గాయానికి కట్టు కట్టుకోవడమే.

తెలిసినవాళ్లు చెప్పండి. ఒక్క మనవి, "పాత మిత్రదేశం", "నాటో కుట్ర" దగ్గర మొదలుపెట్టకండి. వాటికి వేరే చర్చలు బోలెడున్నాయి.

పాత_ఫౌజీ:

నేను సైన్యంలో సప్లై వైపు 22 ఏళ్లు చేసి వచ్చాను. తుపాకుల కంటే డీజిల్ ట్యాంకర్లతోనే ఎక్కువ కాలం గడిపాను, అందుకే నా కళ్లు అటే పోతాయి.

కీవ్‌కి ఉత్తరాన 64 కి.మీ. పొడవునా బండ్లు నిలిచిపోయిన ఉపగ్రహ ఫొటోలు అందరికీ గుర్తుండే ఉంటాయి. అందరూ నవ్వారు. అవి ఎందుకు ఆగాయో చూడాలి. ఫిబ్రవరి 24న, మొదటి రోజే, హోస్తోమెల్ విమానాశ్రయంలో హెలికాప్టర్ల నుంచి పారాట్రూపర్లని దించారు. ఆ రన్‌వే చిక్కితే పెద్ద రవాణా విమానాల్లో దళాలు దిగుతాయి, కీవ్ అక్కడికి కూతవేటు దూరం. ఉక్రెయిన్ ఫిరంగులు ఆ రన్‌వేని గుంతలు చేసేశాయి. విమానాలు దిగలేదు. దాంతో బరువంతా రోడ్ల మీద పడింది. ఆ రోడ్లకి రెండు పక్కలా అడవి, చిత్తడి నేల. పైగా ఉక్రెయిన్ వాళ్లు ఆనకట్ట తెగ్గొట్టి ఇర్పిన్ నది నీళ్లని తమ పొలాల మీదికే వదులుకున్నారు. కొన్ని ఊళ్లు మునిగాయి, కీవ్ మిగిలింది.

రష్యా సైన్యం రైలు మీద బతికే సైన్యం. గూడ్సు దిగిన చోటు నుంచి వంద, నూటయాభై కి.మీ. దాటితే లారీలు చాలవు. రైలు కూడళ్లేమో ఊళ్లలో ఉంటాయి. చెర్నిహివ్, సుమీ, ఖార్కివ్ ఏవీ లొంగలేదు. కొద్ది రోజుల్లో పని అయిపోతుందనుకుని వెళ్లినవాడు నెలకి సరిపడా సరుకు మోసుకెళ్లడు. మార్చి 29న ఇస్తాంబుల్ చర్చల్లో "కీవ్, చెర్నిహివ్ వైపు దాడులు తగ్గిస్తాం" అన్నారు. ఏప్రిల్ మొదటి వారానికి ఉత్తరమంతా ఖాళీ.

అది పెద్ద దెబ్బే, ఒప్పుకుంటాను. "ఇప్పటికీ లేవలేదు" అన్నారు చూడండి, అది మాత్రం ఒప్పుకోను. మిగతాది రాత్రికి రాస్తా.

కందిచేను:

మాది కర్నూలు జిల్లా. ఆ బండ్లు రోడ్డు దిగి పొలాల్లోంచి ఎందుకు పోలేదని అప్పట్లో టీవీలో ఒకాయన అడుగుతుంటే నవ్వొచ్చింది. నల్లరేగడి చేలో వాన పడిన మర్నాడు ట్రాక్టరు దింపి చూడమనండి. మా నాయన ఒకసారి దింపి, రెండు రోజులు దాన్ని అక్కడే వదిలేసి నడిచి ఇంటికొచ్చాడు. ఉక్రెయిన్‌దీ నల్లనేలే. మంచు కరిగేటప్పటి బురదకి రష్యన్‌లో ప్రత్యేకంగా ఒక పేరే ఉంది, రస్పుటిత్స అంటారు. ట్యాంకు బరువు నలభై టన్నుల పైమాటే. మాట వాళ్లదే, బురదలో దిగబడిందీ వాళ్లే.

నిజాంపేట_నరేష్:

అందరూ 2022 దగ్గరే ఆగిపోయారు. 2023 సంగతి కూడా మాట్లాడండి. ఆ జూన్‌లో ఉక్రెయిన్ దక్షిణాన పెద్ద ఎదురుదాడి మొదలుపెట్టింది. జర్మనీ లెపర్డ్ ట్యాంకులు, అమెరికా బ్రాడ్లీ కవచ వాహనాలు అన్నీ ఉన్నాయి. టోక్మాక్ మీదుగా మెలితోపోల్‌కి, అక్కడి నుంచి అజోవ్ సముద్రానికి పోవాలన్నది ప్లాన్. రొబోతినె అనే చిన్న ఊరి దాకా పోయి ఆగిపోయారు. మందుపాతరలు, వరసల కొద్దీ కందకాలు, పైన హెలికాప్టర్లు. అంతకు ముందు ఏడాది పారిపోయిన రష్యా సైన్యమే అది. ఏడాదిలో అలాంటి రక్షణ కట్టిందంటే దాన్ని "లేవలేదు" అనడమేంటి?

2024 ఫిబ్రవరిలో డోనెత్స్క్ ప్రాంతంలోని అవ్‌దీవ్‌కా రష్యా చేతిలో పడింది. ఉక్రెయిన్ 2024 ఆగస్టులో రష్యాలోని కుర్స్క్‌లోకి చొరబడి సుద్జా పట్టుకుంటే ఏం జరిగింది? 2025 మార్చికి రష్యా దాన్ని తిరిగి తీసుకుంది. గోదారిగట్టు అన్నా, మీ మావయ్యే కరెక్ట్.

గోదారిగట్టు:

నరేష్ గారూ, అవ్‌దీవ్‌కా మాట మీరే ఎత్తారు కాబట్టి చెప్తా. అక్కడి నుంచి పొక్రోవ్‌స్క్ సుమారు 45 కి.మీ. మన లెక్కలో విజయవాడలో బయల్దేరి గుంటూరు దాటి ఇంకో పది కి.మీ. పొక్రోవ్‌స్క్ పట్టుకున్నామని రష్యా ప్రకటించింది 2025 డిసెంబర్ 1న. అంటే ఏడాదీ తొమ్మిది నెలలు. ఆ దారిలో ఎంతమంది పోయారు? రష్యా స్వతంత్ర వార్తాసంస్థ మీడియాజోనా, బీబీసీ రష్యన్ విభాగం కలిసి సంతాప ప్రకటనలు, సమాధుల నుంచి ఈ యుద్ధంలో చనిపోయిన రష్యా సైనికుల పేర్లు ఒక్కొక్కటీ ఏరి పెడుతున్న జాబితా ఎప్పుడో లక్ష దాటింది. అవి పేరుతో సహా తేలిన చావులు మాత్రమే. గెలుపు ఇలాగే ఉంటుందా?

నిజాంపేట_నరేష్:

ఉంటుంది. రష్యా జనాభా 14 కోట్ల పైన. ఉక్రెయిన్‌లో యుద్ధానికి ముందే నాలుగు కోట్ల చిల్లర, వాళ్లలోనూ లక్షల మంది దేశం దాటారు. ఇద్దరూ ఒకే తీరున నష్టపోతే ముందు ఖాళీ అయ్యేది ఎవరు? చెప్పడానికి బాగోదు గానీ లెక్క అదే.

ఓల్డ్‌సిటీ_అబ్బాయి:

జనం అంత ఉంటే మన పిల్లలతో పనేంటి భయ్యా? హెల్పర్ ఉద్యోగం, మంచి జీతం అని ఏజెంట్లు చెప్తే నమ్మి వెళ్లిన భారతీయులని ముందు వరసకి పంపారు. 2024లో మా హైదరాబాద్ కుర్రాడు ఒకరు అక్కడే చనిపోయాడు. ఆ మార్చిలో సీబీఐ కేసు పెట్టింది, జులైలో మోదీ మాస్కో వెళ్లినప్పుడు పుతిన్‌తో ఈ విషయం మాట్లాడారు. జైళ్లలో ఖైదీలని తీసుకున్నారు, కుర్స్క్‌కి ఉత్తర కొరియా సైనికులని తెచ్చుకున్నారు. 14 కోట్ల దేశం ఇలా చేస్తుందా?

పాత_ఫౌజీ:

ఓల్డ్‌సిటీ బాబూ, నీ బాధ అర్థమైంది. ఆ ఏజెంట్ల సంగతి వింటే నాకూ రక్తం మరుగుతుంది. కానీ కారణం వేరు. 2022 సెప్టెంబర్ 21న పుతిన్ పాక్షిక సైనిక సమీకరణ ప్రకటించి, మూడు లక్షల మందిని పిలుస్తున్నామని రక్షణ మంత్రి షోయిగు చెప్పగానే జార్జియా, కజకిస్థాన్ సరిహద్దుల్లో కార్లు బారులు తీరాయి. ఆ తర్వాత మళ్లీ అలాంటి పిలుపు ఇవ్వలేదు. మాస్కోలో మధ్యతరగతి ఇంటి తలుపు తట్టకుండా, డబ్బాశ చూపి పేద జిల్లాల నుంచీ బయటి నుంచీ తెచ్చుకుంటున్నారు. జనం లేక కాదు, జనాన్ని కదపడానికి భయపడి. దీన్ని బలం అనాలో బలహీనత అనాలో మీరే తేల్చుకోండి.

ఇక పొద్దున ఆపిన చోటికి వస్తా. నన్నడిగితే కీవ్ కంటే 2022 సెప్టెంబర్ పెద్ద పాఠం. కీవ్‌లో దెబ్బతిన్నది ప్లాన్. ఖార్కివ్ వైపు దెబ్బతిన్నది సైన్యం. వేసవంతా ఖెర్సన్ మీద దాడి చేస్తామని ఉక్రెయిన్ టముకు వేసి మరీ చెప్పింది. రష్యా మంచి దళాలని దక్షిణానికి మార్చుకుంది. సెప్టెంబర్ 6న దెబ్బ బలక్లియా దగ్గర పడింది, అక్కడ కాపలా పలచన. నాలుగు రోజుల్లో కుప్యాన్స్క్‌కి వచ్చేశారు. ఆ ఊరు ఎందుకంటే, అది రైలు కూడలి. దక్షిణాన ఇజ్యుమ్‌లో ఉన్న పెద్ద బలగానికి తిండీ గుండూ ఎక్కువగా అటునుంచే. కుప్యాన్స్క్ పోయింది, ఇజ్యుమ్‌లో తూటా పేలకముందే వాళ్ల పని అయిపోయింది. ట్యాంకులు వదిలేసి పోయారు. "బలగాలను సర్దుకుంటున్నాం" అన్నది మాస్కో.

ఖెర్సన్ కూడా అదే కథ. ద్నీప్రో నదికి ఇవతల రష్యా సైన్యం, అవతల సరుకు. జులై నుంచి అమెరికా ఇచ్చిన హైమార్స్ రాకెట్లతో అంతోనివ్‌స్కీ వంతెనని చిల్లులు పొడిచారు. ఫెర్రీల మీద ఎన్నాళ్లు నెట్టుకొస్తారు? సెప్టెంబర్ 30న ఖెర్సన్ ఎప్పటికీ మాదే అని క్రెమ్లిన్‌లో సంతకాలు పెట్టారు. నవంబర్ 11కి ఊరు ఖాళీ చేశారు. ఆ "ఎప్పటికీ" లెక్క ఆరు వారాలు.

కందిచేను:

వీళ్లు వెనక్కి తగ్గిన ప్రతిసారీ ఒక కొత్త పేరు. నల్లసముద్రంలో స్నేక్ ఐలాండ్ వదిలేసినప్పుడు "సద్భావన" అన్నారు. అక్కడి వాళ్ల పెద్ద యుద్ధనౌక మస్క్వా మునిగితే లోపల నిప్పంటుకుంది, లాక్కెళ్తుంటే తుఫానొచ్చింది అన్నారు. మా ఊరి సర్పంచి ఓడిపోయి "విశ్రాంతి తీసుకుంటున్నా" అన్నట్టు.

ఖార్కివ్‌లో_చదివా:

నేను అక్కడ మెడిసిన్ నాలుగో ఏడాదిలో ఉండగా యుద్ధం వచ్చింది. అయిదారు రోజులు హాస్టల్ సెల్లార్‌లో, మెట్రో స్టేషన్‌లో గడిపాం. మార్చి 1న కర్ణాటక విద్యార్థి ఒకరు సరుకుల కోసం బయటికెళ్లి చనిపోయారు. మర్నాడు సాయంత్రం 6లోగా ఎలాగైనా ఖార్కివ్ వదిలి పెసోచిన్ వైపు పోవాలని ఎంబసీ మెసేజ్. బండి లేదు, మంచులో నడిచాం. ఇప్పటికీ ఆ టెన్షన్ కలలోకి వస్తుంది.

రైళ్ల గురించీ రాకెట్ల గురించీ నాకు తెలియదు. ఒకటి మాత్రం చెప్పగలను. ఖార్కివ్‌లో మా ఓనరమ్మ, లెక్చరర్లు, కూరగాయల షాపు తాత అందరూ మాట్లాడేది రష్యన్. నేను నేర్చుకున్నదీ రష్యనే. సరిహద్దు గంట ప్రయాణం కూడా లేదు, చాలామందికి అటువైపు చుట్టాలున్నారు. ఈ ఊరివాళ్లు ఎదురొచ్చి స్వాగతం చెప్తారని వాళ్లు అనుకుని ఉంటారు. నాకు రష్యన్ పాటలు వినిపించిన ఓనరమ్మే మూడో రోజుకి పెరట్లో సీసాల్లో పెట్రోలు నింపుతోంది. ఇప్పుడు ఆవిడ నాకు ఉక్రేనియన్‌లోనే మెసేజ్ పెడుతుంది. అది నాకు సగమే అర్థమవుతుంది.

నిజాంపేట_నరేష్:

అక్కా, మీరు చూసినదాన్ని నేను కాదనను. నా మాట కొంచెం మార్చుకుంటా. ఉక్రెయిన్‌ని మొత్తం లొంగదీసుకోవాలని వచ్చి ఉంటే ఓడినట్టే. నేలమీద మాత్రం ఇప్పుడు ముందుకొస్తున్నది రష్యానే కదా.

గోదారిగట్టు:

నేలమీద. సముద్రం సంగతి? చెప్పుకోదగ్గ నౌకాదళమే లేని దేశం 2022 ఏప్రిల్‌లో నెప్ట్యూన్ క్షిపణులతో మస్క్వాని ముంచింది, తర్వాత సముద్రపు డ్రోన్లతో వెంటపడింది. రష్యా నల్లసముద్ర నౌకాదళం చాలావరకు క్రిమియాలోని సెవస్తోపోల్ వదిలి రష్యాలోని నొవొరొసిస్క్‌కి పోయింది. 2023 జులైలో, ఉక్రెయిన్ ధాన్యం ఓడలకి దారిచ్చే ఒప్పందం నుంచి రష్యా తప్పుకున్నా ఒదేసా ఓడలు ఆగలేదు. 2022లో సన్‌ఫ్లవర్ నూనె ప్యాకెట్ చూసి మా అమ్మ గుండె పట్టుకుంది గుర్తుందా? అప్పటిదాకా మనం దిగుమతి చేసుకునే ఆ నూనెలో ఎక్కువ భాగం ఉక్రెయిన్‌దే.

2025 జూన్ 1న చెక్క ఇళ్లలాంటి పెట్టెల్లో డ్రోన్లు దాచి, లారీల మీద రష్యాలోపలికి పంపి, సైబీరియాలోని బెలాయా వైమానిక స్థావరం దాకా బాంబర్లని కొట్టారు. 117 డ్రోన్లు. ఎన్ని విమానాలు పోయాయన్న దాని మీద రెండు పక్షాల మాటలకీ పొంతన కుదరదు గానీ, మంటలు ఉపగ్రహాల్లో కనబడ్డాయి.

పాత_ఫౌజీ:

సముద్రం మీద మీ మాటే నిజం, అక్కడ ఓడిపోయారు. నేలమీద ఇప్పుడు ఎవరి సప్లై అయినా డ్రోన్ల దయే. ముందు వరసకి ఇరవై కి.మీ. వెనక కూడా లారీ తిరగలేదు, రోడ్ల మీద వలలు కట్టుకుని నడుపుతున్నారు. నా రోజుల్లో కాన్వాయ్ అంటే ముప్పై బండ్లు. ఇప్పుడు ఇద్దరు మనుషులు, ఒక మోటార్ సైకిల్, వీపున నీళ్ల డబ్బా. ఈ పరిస్థితిలో ఎవరూ వేగంగా గెలవరు.

మనకీ దీని సెగ ఉంది. 2018లో రష్యా నుంచి కొన్న ఎస్-400 విమాన నిరోధక క్షిపణుల అయిదు రెజిమెంట్లలో 2026 జనవరి నాటికి మూడే వచ్చాయి. మిగతా రెండూ ఈ యుద్ధం మూలంగా వెనకబడ్డాయి.

ఖార్కివ్‌లో_చదివా:

ఫౌజీ అంకుల్, మీరు చెప్పిన కుప్యాన్స్క్‌నే 2025 నవంబర్‌లో పట్టుకున్నామని రష్యా ప్రకటించింది. డిసెంబర్‌లో జెలెన్‌స్కీ వెళ్లి ఆ ఊరి పేరున్న బోర్డు ముందు నిలబడి వీడియో తీసుకున్నాడు. మా ఓనరమ్మ ఆ వీడియో పంపి కింద ఒక్క మాట రాసింది. డిక్షనరీలో వెతికితే "సర్దుకుంటున్నారు" అని వచ్చింది.

గోదారిగట్టు:

ఇదంతా మావయ్యకి ఫోన్‌లో చదివి వినిపించా. నూనె ధర దగ్గర తలూపినట్టున్నాడు. చివర్లో, "ఆ విజయవాడ, గుంటూరు లెక్క మళ్లీ చెప్పు" అన్నాడు.