కందకు లేని దురద: ఆ ‘కు’ దగ్గరే ఉంది కిటుకు

“కందకు లేని దురద కత్తిపీటకెందుకు అంటారు కదా, కందకు దురద ఉంటుందిగా? మరి లేదంటారేమిటి? సామెత తప్పా, నా అవగాహన తప్పా?” అని ఒక చెల్లెలు పొద్దున అడిగింది. మంచి ప్రశ్న అమ్మా. కంద తరిగిన చేతికి రావాల్సిన సందేహమే ఇది.

సామెత తప్పు కాదు. తెలుగులో దురద అనే మాటకు రెండు వైపులున్నాయి. ‘కంద దురద పెడుతుంది’ అంటాం, ‘చెయ్యి దురద పెడుతోంది’ అని కూడా అంటాం. క్రియ ఒకటే. మొదటి వాక్యంలో దురద పుట్టించేది కంద, రెండో వాక్యంలో దురదను భరించేది చెయ్యి. దురదగొండికి ఆ పేరు వచ్చింది మొదటి అర్థంలో. నోటిదురద అన్నప్పుడు ఉన్నది రెండోది.

ఈ రెంటిలో సామెత దేని గురించి చెబుతోందో తేల్చేది ‘కు’ ప్రత్యయమే. నాకు ఆకలి, నాకు నిద్ర, నాకు దురద: అనుభవించేవాళ్లకే ఈ ‘కు’ చేరుతుంది. ‘కందలో లేని దురద’ అని ఉంటే మీరన్నట్టు అది అబద్ధమే అయ్యేది. ‘కందకు లేని దురద’ అంటే కంద తాను అనుభవించని దురద అని. ఒళ్లంతా దురద నింపుకున్న దుంపే హాయిగా ఉంటే, మధ్యలో కత్తిపీటకు ఎందుకట బాధ? అసలు మనిషికి లేని బెంగ పక్కవాళ్లకెందుకు అనడానికి దీన్ని వాడేది అందుకే.

కత్తిపీటను ఎంచుకోవడం నాకు మరీ నచ్చుతుంది. కందలో కాల్షియం ఆక్సలేట్ సూదుల్లాంటి సన్నని స్ఫటికాలుగా ఉంటుంది. ముక్క కోసినప్పుడు కణాలు తెగి ఆ సూదులు బయటపడతాయి, చర్మానికి గుచ్చుకుంటాయి. అంటే దురదను బయటికి తెచ్చేది కత్తిపీటే, అయినా ఇనుముకు దురదేమిటి! నిజంగా గోక్కునే చెయ్యి మాత్రం సామెతలో ఎక్కడా లేదు. చేతికి నూనె రాసుకుని తరిగి, ముక్కల్ని చింతపండు పులుసులో మెత్తగా ఉడికించే మనిషిని వదిలేసి, దుంపకూ పీటకూ మధ్య మాట నడిపారు. ఎంత పొదుపైన మాటో చూడండి.

ఇంకో పెద్దాయన “అసలు కంద అంటే ఏ దుంపైనా కదా?” అన్నారు. సంస్కృతంలో అంతేనండీ. కందమూలాలు అన్నప్పుడు ఆ పాత అర్థం మనకూ మిగిలింది. విడిగా ‘కంద’ అంటే మాత్రం ఒక్క దుంపకే స్థిరపడింది. దాని సంస్కృతం పేరు సూరణం. సామెతలో ఉన్నది ఈ కందే. చిలగడదుంపను పెట్టి చదివితే సామెతే నిలబడదు.

చేమలోనూ ఇదే దురద, కారణమూ అదే. కర్రపెండలం సంగతి వేరు. అందులో దురద లేదు, అందువల్ల కొత్తగా వండేవాళ్లకు భయమూ ఉండదు. కానీ దాన్ని కూడా పచ్చిగా తినకూడదు, సైనైడ్ అనే విషాన్ని విడుదల చేసే పదార్థాలు అందులో ఉంటాయి. తొక్క తీసి బాగా ఉడికించాకే తినాలి. చేతికి దురద పెట్టలేదు కదా అని పచ్చి ముక్క నోట్లో వేసుకోకండి, పిల్లలకు అసలే ఇవ్వకండి.

చివరగా మిమ్మల్ని ఒకటి అడగాలి. అనాస పండును ఉడికించకుండా ఎక్కువగా తింటే నాలుక మండుతుంది. అందులోని బ్రోమెలైన్ అనే ఎంజైమ్ మాంసకృత్తులను విడగొడుతుంది. పండును ఉడికిస్తే ఆ ఎంజైమ్ పనిచేయదు, మంటా తగ్గుతుంది. ఆ బాధను మేము ‘నాలుక గీరుకుపోయింది’ అంటాం. కందకు చెప్పినట్టు ‘దురద’ అనడం నేను వినలేదు. మీ ఇళ్లలో ఏమంటారు? దురద, మంట, గీత, కోత, వీటిలో ఏ మాట వాడతారో వాక్యంతో సహా రాయండి. విడి మాటగా రాస్తే ‘కు’ ఎక్కడ పడుతుందో తెలియదు.