సమస్య (ఈ చివరి పాదానికి ముందు మూడు పాదాలు రాసి పద్యం పూర్తి చేయాలి; రాసేవాళ్ళవి కలంపేర్లు): "కొట్టువాడె కవుల కోవ నిలుచు"

నిర్వాహకుడు (తిరుపతి): ఆటవెలది నాలుగో పాదం. ఐదూ సూర్యగణాలే (గురువు-లఘువు, లేదా మూడు లఘువులు), యతి (పాదం మొదటి అక్షరానికి లోపల కుదరాల్సిన జత) కొ–కో. కొట్టేవాడు కవి ఎట్లా అవుతాడన్నదే తిరకాసు. 'కాపీ కొట్టు' అనే అర్థం అందరికీ తోచేదే, దాన్ని వదిలేయండి.

అలిపిరి మెట్టు:
నిన్న వ్రాసినట్టి నీపద్యమును జూచి
పనికిరాని మాట పట్టి పట్టి
యెంత ముద్దుదైన నెఱ్ఱసిరాతోడ
కొట్టువాడె కవుల కోవ నిలుచు

నిర్వాహకుడు: భావం బాగుంది. కానీ 'నీపద్యము' అని ఎదుటివాడితో మొదలై 'కొట్టువాడె' అని మూడోమనిషితో ముగిసింది. 'నిన్న'కు యతి కోసమే ఆ 'నీ' దిగిందని తెలిసిపోతోంది. 'అట్టి' కూడా పూరకమే, గణం నింపడానికి వచ్చిన మాట. కొట్టెయ్యమని చెప్పే పద్యంలోనే కొట్టెయ్యాల్సిన మాట! మొదటి పాదం ఇట్లా మార్చి చూడండి:
రాత్రి వ్రాసికొన్న రచనను తెలవాఱ
మధ్యలో ఒక నిద్ర పడితే మన ముద్దుమాట కొంచెం పరాయిదవుతుంది, కొట్టడానికి చెయ్యి వస్తుంది. అన్నమయ్య సంకీర్తనలు రాగిరేకులకెక్కాయి. రేకు మీద చెక్కాక గీత పెట్టడం కష్టం. మనకు కాయితముంది కదా.

పలకమోత:
గంగ జాతరందు గతులెల్ల వినివిని
నడక చెవికి పట్టి నాల్క నాడ
వ్రాయు ముందె పలికి, బల్లపై దరువును
కొట్టువాడె కవుల కోవ నిలుచు

అలిపిరి మెట్టు: అబ్బ! తాతయ్యగుంట గంగమ్మ జాతరలో పలకల (డప్పుల) మోత వినిపించింది. నేను గణాలను వేళ్ళ మీద లెక్కపెడతా, అందుకే నా పద్యం లెక్కలాగే ఉంటుంది.

నిర్వాహకుడు: దరువు తేవడం మంచి చమత్కారం. 'వ్రాయు ముందె' కుదరదు, 'వ్రాయక ముందె' అనాలి. అది గణాల్లో ఇమడదు కాబట్టి 'వ్రాయబోవు వేళ బల్లపై దరువును' అనండి. 'పలికి' పోయినా నష్టం లేదు, పైపాదంలో నాలుక ఉంది. వచనం రాసేవాళ్ళు కూడా పైకి చదువుకోండి. ఊపిరి ఎక్కడ ఆగిందో అక్కడ వాక్యం కుంటుతున్నట్టే.

అంగడి అబ్బాయి: కొత్తవాణ్ణి సార్, తప్పులుంటే చెప్పండి.
పలుకుబడులు నేర్వ పదిమంది వచ్చెడి
యంగటింట కూర్చొ నాలకించి
విన్నమాట యాస విడువక పలికెడి
కొట్టువాడె కవుల కోవ నిలుచు

పలకమోత: కొట్టువాడంటే అంగడివాడా! మన చిత్తూరు వైపు కొట్టు అనేదెవరు తమ్ముడూ? అయినా భలే పట్టినావు.

నిర్వాహకుడు: ఈ విరుపు నాకే తట్టలేదు. రెండు దోషాలు. 'కూర్చొని' క్త్వార్థం ('చేసి', 'చూసి' లాగా ఇకారంతో ముగిసే క్రియ), ఆ ఇకారానికి సంధి లేదు. 'చేరి యాలకించి' అంటే సరి. రెండోది అన్వయం. పదిమందీ పలుకుబడులు నేర్చుకోవడానికే అంగడికి వస్తున్నట్టుంది! వాళ్ళు వచ్చేది సరుకులకు కదా:
ఉప్పు పప్పు కొనగ నూరెల్ల వచ్చెడి
మూడో పాదం మాత్రం ముట్టుకోవద్దు. విన్న యాసను పుస్తకభాషలోకి దిద్దేసి చాలామంది పాడు చేసుకుంటారు.

అంగడి అబ్బాయి: సరిచేసినా సార్. క్త్వార్థం చివరి ఇత్తుకు (ఇకారానికి) సంధి లేదని అప్పుల పుస్తకం అట్ట మీద రాసి పెట్టుకున్నా.