తెల్ల బుల్‌డాగ్ పిల్లలు: లోపమా, రంగు మాత్రమేనా?

మిర్యాలగూడ వాసి:
మా ఆడ బుల్‌డాగ్‌కు ఎర్రగోధుమ మచ్చలున్నాయి. జత కట్టించిన మగది పూర్తి తెలుపు. ఐదు పిల్లలు పుట్టాయి, వాటిలో రెండు పాలలా తెల్లవి. "అరుదైన రంగు, రెట్టింపు ధరకు నేనే కొంటాను" అని ఒకాయన వెంటపడుతున్నాడు. పక్కింటాయనేమో "తెల్లవన్నీ చెవిటివే, ఎవరికీ అంటగట్టకండి" అంటున్నారు. ఎవరి మాట వినాలి?

నల్లగొండ కుక్కల పెంపకందారు:
అరుదు అన్న మాట బేరగాళ్లది. తెలుపు ఈ జాతిలో ఎప్పటినుంచో ఉంది, జాతి కుక్క ఎలా ఉండాలో చెప్పే ప్రమాణం కూడా ఒప్పుకుంటుంది. అయినా మన మే నెల ఎండలకు ఆ పొట్టి ముక్కుతో తెల్లదైనా ఎర్రదైనా రొప్పుతూ అల్లాడాల్సిందే. ముందు ఆ సంగతి ఆలోచించండి.

దేవరకొండ నుంచి:
ప్రమాణం ఒప్పుకుంటే జబ్బు పోతుందా? మా బంధువుల తెల్ల కుక్క వెనక ట్రాక్టరు హారన్ మోగినా తల తిప్పేది కాదు. ఇవి అల్బినోలు. వీటి సంతతిని ఆపేయాలి.

మహబూబ్‌నగర్ పశువైద్యురాలు:
దేవరకొండ వారూ, దాని ముక్కు నల్లగా ఉందా? ఉంటే అల్బినో కాదు. అల్బినోలో రంగు కణం ఉంటుంది, రంగే తయారు కాదు. ఇక్కడ కణమే చోటికి చేరదు. పిండంలో ఈ కణాలు వెన్ను దగ్గర బయలుదేరి పొట్టకు, పాదాలకు పాకుతాయి. సాగర్ ఎడమ కాల్వ నీళ్లు చివరి పొలాలకు అందనట్టే, కణాలు తక్కువైతే ముందుగా ఛాతీ, కాళ్లు తెల్లబడతాయి. మరీ తక్కువైతే ఒళ్లంతా తెలుపే. దీన్ని ప్రధానంగా నడిపేది ఎంఐటీఎఫ్ అనే జన్యువు. బాక్సర్ కుక్కల్లో దీన్ని 2007లో గుర్తించారు.

చెవి లోపలా ఈ కణాలే కావాలి. అక్కడికి చేరకపోతే పుట్టిన కొన్ని వారాలకే వినికిడి కణాలు చచ్చిపోతాయి. అందుకే తెల్లవాటిలో చెవుడు ఎక్కువ. కానీ "అన్నీ చెవిటివే" అనడం అబద్ధం. తెల్లదానికి తెల్లదాన్ని జత చేయకూడదన్నంత వరకు మీతో ఏకీభవిస్తాను.

దేవరకొండ నుంచి:
మరి రంగున్న తల్లికే రెండు తెల్లవి పుట్టాయి కదా!

మహబూబ్‌నగర్ పశువైద్యురాలు:
ఆ తల్లి కూడా మచ్చలదే, తెలుపు తెచ్చే జన్యువు దానిలోనూ ఉండవచ్చు. అందుకే జతకు ఒళ్లంతా రంగున్నదాన్ని వెతకమంటాను. ఇక పరీక్ష సంగతి. చప్పట్లు కొట్టకండి, గాలి తగిలినా కుక్కపిల్ల లేస్తుంది. అది నిద్రపోతున్నప్పుడు వేరే గదిలోంచి శబ్దం చేయండి. ఒక చెవి మాత్రమే పోతే ఇంట్లో తెలియదు. తలకు ఎలక్ట్రోడ్లు పెట్టి ఒక్కో చెవిని విడిగా చూడాలి.

మిర్యాలగూడ వాసి:
రాత్రి వంటింట్లో స్టీలు గ్లాసు మీద చెంచాతో కొట్టాను. గోనెసంచి మీద నిద్రపోతున్న నాలుగూ తలలెత్తాయి. చిన్న తెల్లది మాత్రం తోబుట్టువు కడుపు మీద మూతి పెట్టుకుని అలాగే పడుకుంది. రెట్టింపు ధర ఇస్తానన్న ఆయనకు ఫోను చేసి రావద్దని చెప్పాను.