ఎకరం లోపు ప్లాటుకి ఎరోజన్ కంట్రోల్ పర్మిట్, సిల్ట్ ఫెన్స్ - చర్చ

వాలు_నేల:
అమెరికాలో 12 ఎకరాల లేఅవుట్‌లోని ముప్పావు ఎకరం ప్లాటుకి ఎరోజన్ పర్మిట్ (పని జరిగేటప్పుడు నేల కోతని అరికట్టే అనుమతి) కావాలా? ఎకరం లోపు అక్కర్లేదని కొందరంటున్నారు. చుట్టూ సిల్ట్ ఫెన్స్ (కొట్టుకొచ్చే మట్టిని ఆపే గుడ్డ కంచె) కట్టేస్తే ఇన్‌స్పెక్షన్ పాసవుతుందా?

గట్టుమీద:
కావాలండి. 1 ఎకరం లెక్క కదిలించే నేలకి. పెద్ద లేఅవుట్‌లో భాగమైతే మొత్తం కలిపి చూస్తారు కాబట్టి ముప్పావు ఎకరమైనా స్టార్మ్‌వాటర్ (వాననీటి) పర్మిట్ కిందికే వస్తుంది. సిటీ, కౌంటీ తమ గ్రేడింగ్ (నేల చదును) పర్మిట్‌కి హద్దు ఇంకా తక్కువ పెట్టుకోవచ్చు. రెండూ చదివి, ఏది గట్టిగా ఉంటే అది పాటించండి. లేఅవుట్ వేసినవాళ్ల పర్మిట్ ఇంకా నడుస్తోందా, మీ ప్లాటు బాధ్యత ఎవరిది అన్నది ముందే కాగితం మీద తేల్చుకోవాలి.

కాంటూరు_కర్ర:
ఫెన్స్ సంగతి. చాలామంది దాన్ని జల్లెడ అనుకుంటారు. అది చిన్న కట్టలా పనిచేస్తుంది: నీళ్లు వెనక నిలవాలి, మట్టి అడుక్కి దిగాలి. అందుకే 100 అడుగుల ఫెన్స్‌కి ఎగువ నేల పావు ఎకరం మించకూడదంటారు. పారే కాలవకి అడ్డంగా కడితే గట్టి వానకి కొట్టుకుపోతుంది. అక్కడ రాళ్ల చెక్ డ్యామ్ వేయాలి.

కాంటూరు (నేల ఒకే ఎత్తులో సాగే గీత) వెంట 6 అంగుళాల లోతు, అంతే వెడల్పు గాడి తవ్వి, గుడ్డ అంచు అందులోకి దించి, మట్టి నింపి దిమ్మిసతో కొట్టాలి. గుంజలు దిగువ వైపే ఉండాలి, నీటి బరువు గుడ్డని గుంజకి ఆనించి నొక్కుతుంది. వైరు మెష్ లేకపోతే గుంజల మధ్య 6 అడుగులు దాటొద్దు. రెండు కొసలూ ఎగువకి కొక్కెంలా తిప్పండి, లేకుంటే నిలిచిన నీరు పక్కనుంచి జారి అక్కడే గండి కొడుతుంది.

వాన వెలిశాక ఫెన్స్ బయటి వైపు నడిచి చూడండి. గుడ్డ కింద వేలు దూరే సందు, దాని ముందు విసనకర్రలా పరుచుకున్న సన్న ఒండ్రు కనిపిస్తే అక్కడ దిమ్మిస సరిగా పడలేదన్నమాట.

వాన_లెక్క:
అమెరికా కేంద్ర ప్రభుత్వ స్టార్మ్‌వాటర్ పర్మిట్ (2022 ఫెడరల్ జనరల్ పర్మిట్)లో తనిఖీకి మామూలుగా రెండు దారులు: 7 రోజులకోసారి, లేదా 14 రోజులకోసారి చూస్తూ, పావు అంగుళం వాన పడితే 24 గంటల్లోపు మరోసారి. చాలా రాష్ట్రాలకి సొంత పర్మిట్లున్నాయి, అంకెలు మారతాయి. ఫెన్స్ వెనక ఒండ్రు సగం ఎత్తుకి చేరకముందే తీసేయాలి. చక్రాలతో రోడ్డెక్కిన మట్టిని ఆ రోజే ఊడ్చెయ్యాలి, డ్రెయిన్‌లోకి కడిగేయకూడదు.

సైట్ దారికి 2-3 అంగుళాల రాయి, 6 అంగుళాల మందం, మామూలుగా 50 అడుగుల పొడవు. కింద జియోటెక్స్‌టైల్ (మట్టికీ రాయికీ మధ్య పరిచే గట్టి గుడ్డ) లేకపోతే రాయి మెల్లగా బురదలో కూరుకుపోతుంది.

గట్టుమీద:
ఫెన్స్ ఆఖరి కాపలా మాత్రమే. చినుకు బోసి నేలని కొట్టడంతోనే కోత మొదలవుతుంది, కాబట్టి కప్పడమే అసలు పని. అదే ఫెడరల్ పర్మిట్ ప్రకారం 14 రోజులు, అంతకు మించి పని ఆగే భాగాన్ని వెంటనే కప్పడం మొదలుపెట్టాలి, 5 ఎకరాల లోపు సైట్‌లో 14 రోజుల్లో ముగించాలి. ఎండుగడ్డి ఎకరానికి 4,000 పౌండ్లు, అంటే 1,000 చదరపు అడుగులకి సుమారు 90. గాలికి ఎగరకుండా మట్టిలోకి గుచ్చాలి. వాలు మీద డోజర్‌ని పైకీ కిందికీ నడపండి. అప్పుడు ట్రాక్ గుర్తులు అడ్డంగా, చిన్న మెట్లలా పడి నీటిని ఆపుతాయి. అడ్డంగా నడిపితే అవే గుర్తులు నీటికి కాలవలవుతాయి.

వాలు_నేల:
ఎరోజన్ కంట్రోల్ ప్లాన్‌లో సైట్ దారి తూర్పున గీశారు, వెనకనుంచి అయితేనే లారీ వస్తుంది. మార్చొచ్చా?

వాన_లెక్క:
మార్చొచ్చు, కానీ రాయి పోయకముందే స్థానిక ఇన్‌స్పెక్టర్‌ని అడగండి. ప్లాన్ ఆమోదించింది వాళ్లే. ఒప్పుకున్నాక సైట్ కాపీ మీద ఎర్ర ఇంకుతో కొత్త దారి గీసి, తేదీ వేసి, సంతకం పెట్టండి. ఫెడరల్ పర్మిట్‌లో ఇలాంటి సవరణకి గడువు 7 రోజులు. పాత దారి దగ్గర వదిలిన ఖాళీని ఫెన్స్‌తో మూయడం మర్చిపోకండి.